పకొన్నె వారి ఇంటిపేరు

బానిసత్వం పోయి స్వేచ్ఛ వచ్చిన మరుసటి ఏడు, చెరకు నరుకుళ్ళు అయిపోయాక, గ్వాదలూప్ దీవిలో అందరికీ ఇంటిపేర్లు పంచుతారని కబురొచ్చింది. పంచుతారు అనే అన్నారు, ఉప్పుచేప పంచినట్టు. అంతవరకు తోటలో ఎవరికీ ఇంటిపేరు లేదు. ఇల్లుంటే కదా ఇంటిపేరు! ఉన్న గుడిసె దొరది, పైన కప్పిన చెరకాకు దొరది, లోపల పడుకున్న మనిషి కూడా దొర సొత్తే. పోలిదోర్ అనే పేరు ఇద్దరికుంటే ఒకడు పెద్ద పోలిదోర్, ఇంకొకడు కుంటి పోలిదోర్. అంతటితో సరి. ఇప్పుడు మీరు మనుషులైపోయారు కాబట్టి మనుషులకుండేవన్నీ మీకూ ఉండాలని ఫ్రాన్సులో ఎవరో తీర్మానించారట. భూమి ఇవ్వాలని మాత్రం ఆ మహానుభావులకు తట్టలేదు. పేరు ఇస్తే ఎవరి సొమ్మూ పోదు మరి.

తోటంతా ఆ కబురు విని నవ్వుకుంటే క్లెరీన్ మాత్రం నవ్వలేదు. ఎందుకంటే ఆమెకు పేరు ఉంది.

ఆ పేరు ఆమె తల్లి ఆఫ్రికా నుంచి ఓడలో తెచ్చుకున్నది. ఒంటి మీద నూలుపోగు కూడా మిగలని ప్రయాణంలో, ఎవరూ లాక్కోలేనిది అదొక్కటే మిగిలింది. ఇక్కడికొచ్చాక దొర ఆమెకు రోజలీ అని పేరు పెట్టాడు. రోజలీ అంటే పలికేది, రోజలీ అంటే పరిగెత్తేది. అసలు పేరు మాత్రం గుడిసెలో, కూతురి చెవిలో, నోరు చెవికి ఆనించి చెప్పింది. ఇది నీది, నీ కడుపున పుట్టినవాళ్ళది, ఇంకెవరి చెవినా పడకూడదు అంది. ఆ తోటల్లో పుట్టి పెరిగినవాళ్ళకు ఇది విడ్డూరం కాదు. పగటికో పేరు, ఇంటికో పేరు. పగటి పేరుతో ఎవడైనా పిలవొచ్చు, తిట్టొచ్చు, కొట్టొచ్చు. ఇంట్లో పేరు తెలిసిందా, మన జుట్టు వాడి చేతికి చిక్కినట్టే.

తోట మేనేజరు ముసలి కర్బెల్‌కు ఈ సంగతి ఎలాగో తెలిసి, ఆ పేరేదో కనుక్కోవాలని పంతం పట్టాడు. కొట్టించి అడిగాడు. రోజలీ ఒకసారి ‘కర్రపెండలం’ అని చెప్పింది. ఇంకోసారి కొట్టిస్తే ‘గుమ్మడికాయ’ అంది. అడిగిన ప్రతిసారీ ఒక కూర పేరు చెప్పి, పెరట్లో కూరలన్నీ అయిపోయాక ఒక రోజు జ్వరంతో చచ్చిపోయింది. అసలు పేరు అతనికి దక్కలేదు. క్లెరీన్‌కు తల్లిని తలుచుకుంటే ఏడుపు కంటే ముందు ఈ గర్వం వచ్చేది.

క్లెరీన్‌కు పుట్టినవాళ్ళలో బతికింది పోలిదోర్ ఒక్కడే. వాడికి పాలపళ్ళు ఊడుతున్న వయసులో, దొర వాడిని చిన్న దీవి మరీగలాంత్‌లో ఉన్న తన బావమరిదికి బహుమానంగా ఇచ్చేశాడు. కోడిపిల్లను ఇచ్చినట్టు. బండి ఎక్కించేటప్పుడు క్లెరీన్ వాడి చెవిలో ఆ పేరు చెప్పి, “ఇదెవరికీ చెప్పకురా నాన్నా. కొట్టినా చెప్పకు. ఏదో ఒక కూర పేరు చెప్పు” అంది. వాడు ఏడుస్తూనే తలూపాడు.

పేర్ల కబురొచ్చిన కొత్తలో ఒక పొడుగాటి మనిషి తోటకొచ్చి గుడిసె గుడిసెకూ తిరిగి “క్లెరీన్ అనే ఆవిడ ఉందా?” అని అడిగాడు. క్లెరీన్ బయటికొచ్చి చూసి గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది? బండెక్కినవాడు ఆమె నడుం దాకా లేడు, వచ్చినవాడు గుమ్మం పట్టనంత ఉన్నాడు. అతను ఏమీ అనకుండా వంగి, ఆమె చెవిలో ఆ పేరు చెప్పాడు. క్లెరీన్ అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతులతో అతని కాళ్ళు పట్టుకుని, గొంతు పోయేలా ఏడ్చింది. పక్క గుడిసె ఫ్లోరెస్తీన్ పరిగెత్తుకొచ్చి, ఎవడో ముసలిదాన్ని కొడుతున్నాడనుకుని పోలిదోర్ వీపు మీద చీపురుతో రెండు వేసింది.

పోలిదోర్‌కు చిన్న దీవిలో కాస్త మెట్ట నేల దొరికింది. గుడిసె వేసుకున్నాడు. అదోనీజ్ అనే పిల్లతో ఉంటున్నాడు, ఆ పిల్ల కడుపుతో ఉంది. తల్లిని తీసుకుపోదామనే వచ్చాడు. కానీ స్వేచ్ఛ వచ్చింది గానీ ఎక్కడికి పడితే అక్కడికి పోయే స్వేచ్ఛ రాలేదు. తోట వదిలి వెళ్ళాలంటే వేరే చోట పనైనా ఉండాలి, లేదా తమను పెట్టుకుని పోషించే రక్తసంబంధీకులైనా ఉండాలి. ఉన్నారని కాగితం చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి కింద కట్టి తెచ్చి మళ్ళీ ఆ తోటలోనే పడేస్తారు. క్లెరీన్ చెరకు మోపు ఎత్తలేని వయసుకొచ్చింది, ఆమెకు ఎవరు పనిస్తారు? కొడుకుతో ఉండాలంటే వాళ్ళిద్దరూ తల్లీకొడుకులని కాగితం మీద ఉండాలి. కాగితాలేమో ఇప్పుడే పుడుతున్నాయి.

“నేనూ ఇక్కడే, నీతో పాటే రాయించుకుంటానమ్మా” అన్నాడు పోలిదోర్.

కుదరదన్నారు. స్వేచ్ఛ ప్రకటించిన రోజు ఎవరు ఏ తోటలో ఉంటే అక్కడే రాయించుకోవాలి. అతను చిన్న దీవిలో, ఆమె పెద్ద దీవిలో.

“అయితే ఇద్దరం ఒకటే పేరు చెబుదాం” అంది క్లెరీన్. “రెండు చోట్లా ఒకటే పేరుంటే ఎవడు కాదంటాడు?”

“ఏం పేరు?”

“మన పేరు.”

పోలిదోర్ తల్లి ముఖంలోకి చూశాడు. “నువ్వే కదమ్మా చెప్పొద్దన్నావు?”

“అన్నాను.”

“అక్కడ నన్ను మేస్త్రీ అడిగాడమ్మా. నీది ఏ జాతి, మీ ఇంట్లో ఏమని పిలుచుకుంటార్రా అని. సొరకాయ అని చెప్పాను. నన్ను చాలా ఏళ్ళు సొరకాయ అనే పిలిచారు తెలుసా?”

క్లెరీన్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “ఇప్పుడు నేనే చెప్పమంటున్నాను. అమ్మమ్మ ఏమీ అనుకోదులే. మనల్ని విడదీయడానికి అడిగితే చెప్పొద్దంది, కలపడానికి అడిగితే చెప్పొద్దనలేదుగా.”

“నాకు భయంగా ఉందమ్మా.”

“గుమ్మం పట్టనంత ఎదిగావు, భయమేంట్రా? గట్టిగా, రాసేవాడికి వినపడేలా చెప్పు. ఒట్టు వెయ్యి.”

పోలిదోర్ ఒట్టు వేసి పడవెక్కాడు. వాడికంత గట్టిగా చెప్పిన మనిషికి తన నోటి మీద మాత్రం నమ్మకం లేదు. వాడు వెళ్ళినప్పటి నుంచీ కర్రపెండలం తురుముతూ, కట్టెలేరుతూ, ఆ పేరు బయటికి అనడం అలవాటు చేసుకుందామని చూసింది. పెదవుల దాకా వచ్చేది, చుట్టూ చూసేది, మళ్ళీ మింగేసేది.

పేర్లు రాసే దొర వచ్చిన రోజు తోట జనమంతా ఊళ్ళోకి వెళ్ళి, సంత చావడి ముందు బారు తీరారు. ఉతికిన బట్టలు, మద్రాసు గళ్ళ తలగుడ్డలు, కొందరి కాళ్ళకు కొత్త చెప్పులు. కాళ్ళకు ఎక్కించుకుంటే కరుస్తున్నాయని వాటిని చేత్తో పట్టుకుని నిలబడ్డారు. రాసే దొర ఫ్రాన్సు నుంచి కొత్తగా వచ్చినవాడు, ముఖం ఉడికించిన రొయ్యలా ఉంది. పొద్దున కాస్త ఆలోచించి పేర్లు పెట్టాడు. ఎండ ఎక్కేసరికి అతని ఓపిక సన్నగిల్లింది. కళ్ళ ముందు ఏది కనపడితే అదే పేరు. ఒకడికి ‘పీత’ అని పెట్టాడు. ఒకడు తుమ్మితే ‘పడిశం’ అని పెట్టాడు. ఒక ముసలాయనకు తన చిన్నప్పటి కుక్క పేరు పెట్టి, మంచి కుక్క అని కూడా చెప్పాడు. నోరు తెరిస్తే వీధి వీధంతా తలుపులు మూసుకునే ఫ్లోరెస్తీన్‌కేమో ‘త్రాంకీల్’ అని పెట్టాడు. అంటే శాంతమ్మ గారన్నమాట.

“నేనా? శాంతమా?” అని ఆమె అక్కడే అరిచింది. “ఎవడ్రా ఈ రొయ్య ముఖం వాడు, నన్ను చూసి ఎగతాళి చేస్తున్నాడా? పక్కనోడా, నువ్వు చెప్పు వాడికి, నాలో శాంతం ఎక్కడుందో చూపించమని!”

పక్కనున్న గుమాస్తా ఊరివాడు, దొరల ఫ్రెంచీ, తోటవాళ్ళ మాటా రెండూ వచ్చినవాడు. నవ్వాపుకుంటూ “పోవే అక్కా, ఇంకా మంచి పేరే వచ్చింది నీకు, వెనకాలవాడికి పీత వచ్చింది” అన్నాడు.

క్లెరీన్ వంతు వచ్చింది. బల్ల ముందు నిలబడి తలెత్తింది. రాసే దొర వెనకాల, గొడుగు పట్టుకుని, చిన్న కర్బెల్ నిలబడి ఉన్నాడు. తండ్రి పోయాక తోట మేనేజరు అతనే ఇప్పుడు. ఎవరు ఎవరో గుర్తు చెప్పడానికి ప్రతి తోట నుంచీ ఒకరు ఉండాలట. ఆ సంగతి క్లెరీన్‌కు ఎవరూ చెప్పలేదు. చెప్పినా ఏం చేసేది?

“ఇది క్లెరీన్” అన్నాడు చిన్న కర్బెల్. “రోజలీ కూతురు. దీనికి ఆఫ్రికా పేరొకటి ఉంది దొరా. మా నాన్న ఎంత తన్నించినా ముసలిది చెప్పలేదు. పోయేదాకా అదే బాధ ఆయనకు. చెప్పవే క్లెరీన్, ఇప్పుడు తన్నేవాళ్ళు లేరుగా. మేమూ విని సంతోషిస్తాం.”

రాసే దొరకు ఆ మాటలు ఎంతవరకు తలకెక్కాయో తెలియదు. “నీ ఇంటిపేరేమిటి?” అన్నాడు కలం ముంచుతూ.

గుమాస్తా ఆ మాటనే తోటవాళ్ళ భాషలో అడిగాడు. “ఏం పేరు రాయించుకుంటావు అత్తా?”

క్లెరీన్ నోరు తెరిచింది. ఆ పేరు గొంతులో ఉంది. చిన్న కర్బెల్ కొంచెం ముందుకు వంగాడు, చెవి ఇటు పెట్టి. అచ్చం తండ్రి చెవే, అదే పెద్ద తమ్మె. క్లెరీన్ ఆ చెవినే చూసింది. తల్లి ఇన్ని దెబ్బలు తిని ఆ ఇంటి చెవిలో పడనివ్వని పేరు, కొట్టకుండానే, అడిగిన మొదటిసారికే తాను చేతులారా పోయడమా? కొడుకు గుర్తొచ్చాడు. వాడికోసం చెప్పాలి. చెప్పాలని ఎంత అనుకుంటే నాలుక అంత బిగుసుకుంది.

“త్వరగా” అన్నాడు రాసే దొర. “వెనకాల జనం ఉన్నారు. ఏం పేరు?”

“పా కొన్నేత్” అంది క్లెరీన్.

తోటవాళ్ళ మాటలో దానికి అర్థం ‘తెలీదు’ అని. ఆ తోటల్లో దొర ఏమడిగినా మొదట వచ్చే జవాబు అదే. కత్తి ఎక్కడ పెట్టావు? పా కొన్నేత్. ఎవరు పారిపోయారు? పా కొన్నేత్. బతుకంతా దాని వెనక దాక్కున్న మాట అది. భయం వేసిన పిల్లి మంచం కిందికి దూరినట్టు ఆమె ఆ మాటలోకి దూరింది.

“పకొన్నె” అన్నాడు రాసే దొర. “బాగుంది. అందరూ ఇలా చకచకా చెబితే మధ్యాహ్నానికి అయిపోతుంది.” రాసేశాడు. గుమాస్తా కలం వంక చూశాడు, క్లెరీన్ వంక చూశాడు, బారు వంక చూశాడు. చెబుదామనుకున్నాడు కాబోలు, పెదవి కదిలింది. అంతలో వెనకాలవాడు ముందుకొచ్చేశాడు. చిన్న కర్బెల్ పగలబడి నవ్వుతున్నాడు.

తోవలో ఫ్లోరెస్తీన్ అడిగింది. “నీకేం పెట్టాడే?”

“ఏమీ పెట్టలేదు. తెలీదన్నాను.”

“తెలీదంటే ఏదో ఒకటి రాస్తాడుగా?”

“ఏదో రాశాడు. పకొన్నె అన్నాడు.”

ఫ్లోరెస్తీన్ నడిచేది ఆగింది. “పకొన్నె... పా కొన్నేత్... ఓసి నీ దుంప తెగ! నీ ఇంటిపేరు ‘తెలీదు’ అని రాశాడే వాడు!” అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, క్లెరీన్ ముఖం చూసి, నవ్వు ఆపేసింది. “ఏమైందే? ఏడుస్తావెందుకు? నన్ను శాంతం చేశాడు, నేనేమన్నా ఏడ్చానా?”

క్లెరీన్‌కు అప్పటికి కాస్త ఆశ ఉంది. పోలిదోర్ కూడా చెప్పి ఉండడు. వాడూ భయపడ్డాడుగా. వాడు కూడా సొరకాయ అనో ఏదో చెప్పి ఉంటే, మళ్ళీ ఇద్దరూ కలిసి వెళ్ళి ఒకటే పేరు అడగొచ్చు. బిడ్డ మాట తప్పి ఉండాలని తల్లి దేవుడికి మొక్కుకుంది. ఇలాంటి మొక్కు ఎవరైనా మొక్కుతారా? మొక్కింది.

పోలిదోర్ మాట తప్పలేదు. తర్వాతి పడవలో వచ్చి, గుమ్మంలోంచే, “చెప్పానమ్మా!” అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. “భయపడ్డాను గానీ గట్టిగా చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు, ఇంకోసారి చెప్పాను. ఒక్కో అక్షరం రాశాడు. తల్లి పేరడిగాడు. క్లెరీన్ అన్నాను, ఆవిడదీ ఇదే ఇంటిపేరు, పెద్ద దీవిలో రాయించుకుంటుంది అన్నాను. ఆ కాగితం చూపించాక రాస్తాను, అప్పటిదాకా ‘తల్లి తెలియదు’ అని ఉంచుతాను అన్నాడు. నీ కాగితం ఇవ్వు, తీసుకెళ్ళి చూపిస్తా.”

క్లెరీన్ తల వంచుకుంది. పక్కనే ఉన్న ఫ్లోరెస్తీన్, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మాట్లాడలేదు.

“అమ్మా?”

“నేను చెప్పలేకపోయాన్రా” అంది క్లెరీన్. “కర్బెల్ కొడుకు అక్కడ నిలబడ్డాడు. నాకు నోరు రాలేదు. పా కొన్నేత్ అన్నాను, అదే రాసేశారు.”

పోలిదోర్ మెల్లగా గుమ్మం మీద కూర్చున్నాడు. తిట్టి ఉంటే క్లెరీన్‌కు హాయిగా ఉండేది. వాడు తిట్టలేదు. “నన్ను ఒట్టు వేయించుకున్నావు కదమ్మా” అన్నాడంతే.

“అయితే వాడి కాగితంలో ‘తల్లి తెలియదు’ అని ఉంది” అంది ఫ్లోరెస్తీన్, ఏదో ఒకటి అనకపోతే చచ్చిపోయేలా ఉండి. “నీ పేరేమో ‘తెలీదు’. ఒక లెక్కన నిన్నే రాశారే!” ఎవరూ నవ్వలేదు. తనకూ నవ్వు రాలేదు.

ఇద్దరూ మర్నాడే ఊళ్ళోకి వెళ్ళారు. రాసే దొర ఇంకో ఊరు వెళ్ళిపోయాడు, గుమాస్తా ఉన్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఇద్దరినీ లోపలికి పిలిచి, కుర్చీ కూడా వేశాడు. పోలిదోర్ కాగితం తీసుకుని చదివాడు, నుదురు రుద్దుకున్నాడు.

“అత్తా, నీ పేరు మార్చమంటే పైవాళ్ళను అడిగి ఎలాగో మార్పించేవాడినే” అన్నాడు. “కానీ ఈ పేరుకు మార్చలేను.”

“ఎందుకని?”

“ఒక ఇంటికిచ్చిన పేరు ఇంకో ఇంటికి ఇవ్వకూడదని రూలు. రెండు కుటుంబాలు కలగాపులగం కాకూడదట. ఈ పేరు ఇప్పటికే ఒక కుటుంబానికి ఇచ్చేశారు.”

“ఏ కుటుంబానికి?”

గుమాస్తా పోలిదోర్ వైపు చూపించాడు. “ఈయన కుటుంబానికి.”

“ఆ కుటుంబం నేనే కదయ్యా!” అంది క్లెరీన్. “వాడు నా కొడుకు! ఆ పేరు వాడికి ఇచ్చింది నేను! నాకిచ్చింది మా అమ్మ!”

“నాకు తెలుసత్తా. పుస్తకానికి తెలియదు. నువ్వు తల్లివని రాయాలంటే ఇంటిపేరు కలవాలి. ఇంటిపేరు కలవాలంటే నువ్వు తల్లివని రాసి ఉండాలి. నేనేం చెయ్యను చెప్పు?”

“పుట్టినప్పుడు చూసినవాళ్ళు సాక్ష్యం చెబితే?” అన్నాడు పోలిదోర్.

“ఎవరున్నారు?”

మంత్రసాని పోయింది. ఫ్లోరెస్తీన్ తోటకు వచ్చింది తర్వాత. అప్పటి తోట దొర ఫ్రాన్సు వెళ్ళిపోయాడు. ఉన్నది చిన్న కర్బెల్ ఒక్కడే. అతని దగ్గరికి వెళితే, “ఎవరి పిల్ల ఎవరిదో అప్పట్లో ఎవరు చూశారు? అయినా నువ్వు వెళ్ళిపోతే ఆవుల కొట్టం ఎవరు ఊడుస్తారు క్లెరీన్?” అన్నాడు. గొడుగు తిప్పుకుంటూ వెళ్ళిపోయాడు. అతని వీపు వంక చూస్తూ పోలిదోర్ పిడికిలి బిగించాడు. క్లెరీన్ ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకుని విప్పింది. స్వేచ్ఛ వచ్చాక వాళ్ళ పిడికిళ్ళకు దొరికే జైలు కూడా కొత్తదే కట్టారు.

ఇద్దరూ మళ్ళీ వెళ్ళి ఈ సంగతి చెబితే, గుమాస్తాకు మనసొప్పలేదో ఏమో, బయటిదాకా వచ్చి మెల్లగా ఒక దారి చెప్పాడు. “పెళ్ళి చేసుకుంటున్నావా తమ్ముడూ? చర్చిలో చేసుకో. చర్చి పుస్తకం వేరు. ఫాదరు అందులో వరుడి తల్లిదండ్రుల పేర్లు రాస్తాడు. ఆయన మనసు మంచిదై, మీ అమ్మను తల్లిగా రాశాడనుకో, ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి రా. నేను చూసుకుంటా.”

ఈ ఒక్క మాట పట్టుకుని ఇద్దరూ ప్రాణం తెచ్చుకున్నారు. పోలిదోర్ చిన్న దీవికి వెళ్ళి పెళ్ళి కుదిర్చాడు. అదోనీజ్‌కు నెలలు నిండకముందే కావాలన్నాడు. క్లెరీన్ చిన్న కర్బెల్ కాళ్ళావేళ్ళా పడి, పెళ్ళి చూసొస్తానని చీటీ రాయించుకుంది. ఆదివారం గడిచేలోపు తిరిగి రాకపోతే పట్టి తెస్తారని అందులో ఉంది. ఫ్లోరెస్తీన్ తన చెవిపోగులు ఇచ్చింది. “పెళ్ళికొడుకు తల్లివి, బోసి చెవులతో పోతావా? పోగొట్టుకున్నావంటే మాత్రం నా శాంతం ఏంటో చూస్తావు.”

పడవలో క్లెరీన్ వాంతులు చేసుకుంది. ఒడ్డున అదోనీజ్ ఎదురొచ్చింది. పొట్ట ముందుకొచ్చి, బొద్దుగా, నవ్వు ముఖంతో ఉంది. “వచ్చారా అత్తయ్యా! ఈయన రాత్రంతా నిద్రపోలేదు. మీకోసం వంకాయ వండాను. మీకు వంకాయ ఇష్టమని చెప్పాడు, నిజమేనా, లేక ఆయనకిష్టమని నాతో చేయించాడా?” అంది. క్లెరీన్ ఆ పిల్ల బుగ్గలు నిమిరింది. తన గుడిసెలో తల్లికి మంచం ఎక్కడ వేస్తారో పోలిదోర్ చూపించాడు. కిటికీ పక్కన. మంచం అప్పటికే చేసి ఉంచాడు. దాని మీద ఆమె చెయ్యి పెట్టి చూసింది, కూర్చోలేదు.

పెళ్ళి నాడు చర్చిలో ముందరి రెండు బల్లలు ఇంటివాళ్ళకు. అదోనీజ్ వైపు అత్తలు, పిన్నులు, వాళ్ళ పిల్లలు, బల్ల నిండిపోయి పక్క బల్ల మీదికి కూడా పొర్లారు. పోలిదోర్ వైపు క్లెరీన్ ఒక్కతే. నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫాదరు ముసలివాడు, మెత్తగా మాట్లాడతాడు, జనమంతా మంచివాడనే అంటారు. అదే ఆమె ధైర్యం.

ఫాదరు కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని పైకి చదివాడు. “పోలిదోర్ సొలింబా.”

అదీ ఆ పేరు. పుట్టాక మొదటిసారి క్లెరీన్ దాన్ని పట్టపగలు, పైకప్పు కింద, పదిమంది వింటుండగా, ఎవరో పరాయి మనిషి నోట విన్నది. ఏమో జరుగుతుందనుకుంది. ఏమీ జరగలేదు. వెనకెవరో దగ్గారు. పసిబిడ్డ ఏడిస్తే తల్లి జోకొట్టింది. ఇంతేనా, దీనికేనా అమ్మ అంత కొట్టించుకుంది అనిపించింది, మరుక్షణం అలా అనిపించినందుకు సిగ్గుపడింది.

“అదోనీజ్, నేటి నుంచి సొలింబా గారి భార్య” అన్నాడు ఫాదరు. అదోనీజ్ ఆ పేరును పెదవులతో ఒకసారి అనుకుని చూసుకుని, మురిసిపోయింది. నిన్న మొన్న వచ్చిన పిల్ల. ఆ పిల్ల కడుపులో ఉన్నవాడికి కూడా ఆ పేరే. క్లెరీన్‌కు కోడలి మీద అసూయ లేదు, దేవుడి ముందు అబద్ధమాడకూడదు కాబట్టి చెప్పాలి, కొంచెం ఉంది.

తర్వాత ఫాదరు పెద్ద పుస్తకం తెరిచి, కలం తీసుకుని, “వరుడి తరఫున తల్లిదండ్రులు ఎవరైనా వచ్చారా?” అన్నాడు.

పోలిదోర్ వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. క్లెరీన్ లేచి నిలబడింది. “నేను తండ్రీ. నేను వాడి తల్లిని.”

“మంచిది, మంచిది. మీ ఇంటిపేరు?”

ఈసారి చెప్పగలదు. నోరు వస్తుంది, గొంతులో అడ్డేమీ లేదు, వినకూడని చెవి ఆ దీవిలోనే లేదు. ఆ పేరు చెప్పింది. గట్టిగా, స్పష్టంగా చెప్పింది, చివరి బల్లదాకా వినపడేలా.

ఫాదరు తలూపి, “మీ కాగితం ఇవ్వండి” అన్నాడు.

ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఫాదరు చదివాడు. మళ్ళీ చదివాడు. పోలిదోర్ కాగితం పక్కన పెట్టి రెండూ చూశాడు. అతని ముఖంలో నిజంగానే జాలి కనపడింది. “ఇందులో పకొన్నె అని ఉంది” అన్నాడు. “అబ్బాయి కాగితంలో తల్లి తెలియదని ఉంది. సర్కారు కాగితంలో లేనిది నేను రాయకూడదు. నా చేతుల్లో లేదు.”

“నేనే కన్నాను తండ్రీ” అంది క్లెరీన్.

“నేను కాదనడం లేదు.”

పోలిదోర్ ఒక అడుగు ముందుకేశాడు. “రాయండి తండ్రీ! ఆమె మా అమ్మ! ఇంతమంది చూస్తున్నారు, రాయండి!” అదోనీజ్ అతని చెయ్యి పట్టుకుంది. అదోనీజ్ పెద్దత్త గుసగుసగా, “పెళ్ళి మధ్యలో ఈ గొడవేంటి?” అంది. ఫాదరు కలం సిరాలో ముంచి, చాలాసేపు అలాగే పట్టుకుని, చివరికి తల్లి పేరు రాయాల్సిన చోట ఒక గీత గీశాడు.

ఆ తర్వాత తలెత్తి, ఇంకా నిలబడే ఉన్న క్లెరీన్ వైపు చూసి, మెత్తగా అన్నాడు. “కూర్చో అమ్మా. ఈ బల్ల బంధువులది. కొంచెం వెనక్కి వెళ్ళి కూర్చో తల్లీ.”

పెద్ద వయసు ఆడవాళ్ళను ఆ దీవిలో ఎవరైనా అమ్మా, తల్లీ అనే పిలుస్తారు. చేపలమ్మేదాన్నీ, దారిన పోయేదాన్నీ. ఆయన నోటికి అలవాటుగా వచ్చింది. క్లెరీన్ కొడుకును చూసి, కానివ్వు అన్నట్టు చెయ్యి ఊపింది. బల్ల మీద నుంచి తన గుడ్డ మూట తీసుకుంది, వెనక్కి నడిచింది. ఆఖరి బల్ల మీద ఎవరో జరిగి చోటిచ్చారు, ఆమె కూర్చుంది.